మంత్రిగారూ, ఆఖరి బస్సు ఎన్నింటికి?

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కొండలకూ అడవులకూ బస్సులో వెళ్లి, కాలిబాటల్లో తిరిగి, మళ్లీ బస్సులోనే ఇల్లు చేరే అలవాటు నాది. కిందటి సంవత్సరం ఒకరోజు నేనూ మా మేనకోడలూ పద్నాలుగు కిలోమీటర్లు నడిచి, కొండకు అవతలి వైపు దిగి, స్టాపు చేరేసరికి సాయంత్రం 5.20 అయింది. పలక మీద ఆఖరి బస్సు 5.30కి అని ఉంది. ఆరు దాటినా రాలేదు. పశువులను తోలుకుపోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగి, "ఆ బస్సు అయిదింటికే వెళ్లిపోతోందమ్మా, చాలా నెలలైంది" అన్నాడు.

వేళ మారింది, పలక మారలేదు. డ్రైవర్‌ను తప్పు పట్టను. ఆయన తనకిచ్చిన షెడ్యూలు ప్రకారమే బండి తీశాడు. మేం మాత్రం పక్కకు తప్పుకునే చోటు కూడా లేని తారు రోడ్డు మీద, చీకట్లో, లారీల లైట్లకు కళ్లు చిట్లించుకుంటూ తొమ్మిది కిలోమీటర్లు నడిచాం. అడవిలో ఉన్నంతసేపూ కలగని భయం ఆ రోడ్డు మీద కలిగింది.

నేను కొత్త బస్సులు అడగడం లేదు. కొండ మీద అతిథి గృహాలు అసలే వద్దు. ఆఖరి బస్సు సంగతి ఒక్కటి తేల్చమని అడగడానికే ఈ లేఖ.

బస్సులో కొండకు వెళ్లేవాళ్లం రోజును సాయంత్రం నుంచి వెనక్కి లెక్క పెట్టుకుంటాం. ఆఖరి బస్సు ఎన్నింటికో తెలిస్తేనే ఎంత దూరం వెళ్లవచ్చో, ఎక్కడ వెనక్కి తిరగాలో తెలుస్తుంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక తేలికైన లెక్క చెప్పాడు: మూడు మైళ్ల (దాదాపు అయిదు కిలోమీటర్ల) నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు (దాదాపు ఆరు వందల మీటర్లకు) ఇంకో గంట. ఇప్పటికీ చాలామంది దాన్నే వాడతారు. మేం నడిచిన పద్నాలుగు కిలోమీటర్లలో ఎక్కాల్సిన ఎత్తు దాదాపు ఆరు వందల మీటర్లు. అంటే నడకకే నాలుగు గంటలు. తిండికీ, మోకాళ్ల విశ్రాంతికీ, ఒకసారి దారి తప్పడానికీ గంటన్నర వేసుకోండి. (దారి తప్పకుండా తిరిగి వచ్చామని చెప్పేవాళ్లను నేను నమ్మను.) ఉదయం మొదటి బస్సు మమ్మల్ని అక్కడ దించింది 11.30కి. అయిదున్నర గంటలు కలిపితే సరిగ్గా సాయంత్రం అయిదు. ఆ బస్సు అయిదింటికే వెళ్లిపోతే, అందుకోవాలనుకున్న మనిషి ఏం చేస్తాడు? దిగేటప్పుడు పరుగెడతాడు. అలసిన కాళ్లతో, కదిలే రాళ్ల మీద, చూపంతా గడియారం మీద పెట్టి. నడకదారుల్లో కాలు జారి పడేవాళ్లలో ఎక్కువమంది పడేది దిగేటప్పుడే. వేళల పట్టిక రాసేవారు ఎన్నడూ చూడని ఆ వాలు మీద, వాళ్లు రాసిన అంకెకు ఒకరి చీలమండ ముడిపడి ఉంటుంది.

ఈ లెక్కను ప్రభుత్వమే తలకెత్తుకున్న చోటు ఒకటి ఉంది. స్విట్జర్లాండ్‌లో 1979లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి కాలిబాటల సంగతిని ఏకంగా రాజ్యాంగంలో చేర్చారు. 1985లో చేసిన చట్టం నడకదారులు ఏయే చోట్లకు చేరాలో చెబుతూ, అందమైన ప్రదేశాలతో పాటు బస్సు, రైలు స్టాపులను కూడా పేర్కొంది. దారి స్టాపు దాకా రావాలని చట్టమే అంటోంది! అక్కడ సుమారు 65,000 కిలోమీటర్ల నడకదారులకు గుర్తులున్నాయి. వాటి పసుపుపచ్చ పలకల మీద ప్రధానంగా ఉండేది నడకకు పట్టే సమయం. గంటలు తెలిస్తే బస్సు అందుతుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. కొండ మలుపుల్లో మూడు స్వరాల హారన్ మోగించుకుంటూ వచ్చే, అక్కడి తపాలా సంస్థవాళ్ల పసుపు పోస్ట్‌బస్సు అంటే నాకు కాస్త అసూయే, కానీ ఆ హారన్ మనకు అక్కర్లేదు. ఆ గంటల లెక్క చాలు.

అంత డబ్బున్న దేశంతో పోలికేమిటని మీ అధికారులు అనవచ్చు. పలక మీద కిలోమీటర్ల పక్కన గంటలు రాయడానికి రంగు డబ్బా కంటే ఎక్కువ ఖర్చేముంటుంది?

బస్సులో వెళ్లడంలో కారుకు దక్కని సుఖం ఒకటుంది. కారులో వచ్చినవాడు గుంజకు కట్టిన దూడలాంటివాడు. ఎంత దూరం మేసినా మళ్లీ గుంజ దగ్గరికే రావాలి. బస్సులో వచ్చినవాళ్లు ఈ వైపు ఎక్కి ఆ వైపు దిగవచ్చు. ఒక లోయలో పొద్దున, ఇంకో లోయలో సాయంత్రం. అయితే రెండు వైపులా స్టాపులుండి, రెండింటి వేళలూ ఒకే చోట కనిపించినప్పుడే అది కుదురుతుంది. ఇప్పుడు ఇవతలి వైపు ఒక డిపో, అవతలి వైపు మరో డిపో. ఒకరి వేళలు ఒకరికి తెలియవు. స్టాపులో దిగాక అసలు దారి మొదలయ్యే చోటుకు ఇంకా రెండు మూడు కిలోమీటర్లు రోడ్డు మీదే నడవాల్సి రావడం మరో బాధ. ఆ రోడ్డు మీద పోయే బస్సే దారి మొదట్లో ఒక్క నిమిషం ఆగితే సరిపోతుంది.

నష్టం వస్తుందంటారని తెలుసు. కానీ ఒకసారి ఆ బస్సులెక్కి చూడండి. పొద్దున కొండ ఊళ్ల నుంచి పట్నానికి వచ్చే బస్సులో కాలు పెట్టే చోటుండదు: పాలక్యాన్లు, కూరగాయల బుట్టలు, కాలేజీ పిల్లలు. అదే బస్సు పొద్దున కొండ వైపు వెళ్లేటప్పుడు చూస్తే డ్రైవర్, కండక్టర్, నాలాంటి ఒకరిద్దరు. సాయంత్రం ఇది తిరగబడుతుంది. నడకకు వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఊరి జనానికి ఎదురు దిశలోనే ప్రయాణిస్తారు. ఎలాగూ తిరిగే ఖాళీ సీట్లనే మేం నింపుతాం. ఆఖరి ట్రిప్పును గంట ఆలస్యంగా నడిపితే పట్నంలో ఆలస్యమైన ఊరివాళ్లకు కూడా పనికొస్తుంది. అది సెలవు రోజుల్లోనే కుదురుతుందంటే సెలవు రోజుల్లోనే నడపండి. హాంకాంగ్‌లో వంద కిలోమీటర్ల మెక్‌లిహోస్ నడకదారి ఉంది. దాని మొదటి భాగాలుండే ప్రాంతానికి ఆదివారాలు, సెలవు రోజుల్లోనే నడిచే బస్సు రూటు వేశారు. అక్కడ ఒక గేటు దాటాక అనుమతి పత్రం లేని సొంత కార్లను పోనివ్వరు. బస్సులు పోతాయి.

అటవీ శాఖవారి భయం వేరు. బస్సు వేస్తే జనం వచ్చిపడి అడవిని పాడుచేస్తారని. ఆ భయం అబద్ధం కాదు, చెత్త నేనూ చూశాను. అయితే కార్లను లెక్కపెట్టి ఆపడం కష్టం. బస్సు ట్రిప్పులను లెక్కపెట్టడం మీ చేతిలో పని. అమెరికాలోని జియాన్ జాతీయ పార్కులో కార్ల రద్దీకి లోయ ఊపిరాడక, 2000లో షటిల్ బస్సులు మొదలుపెట్టారు. అవి నడిచే కాలంలో లోయ రోడ్డు మీదికి సందర్శకుల సొంత వాహనాలను రానివ్వరు. పైగా అగ్గి భయం ఉన్న నెలల్లో దారి మూసేస్తే, ఆ మాట ఎక్కేముందే కండక్టర్ చెప్పవచ్చు. కారులో వచ్చేవాడికి మూసిన గేటు దగ్గర గాని తెలియదు, అక్కడికొచ్చాక పక్కదారి వెతుకుతాడు.

మీరు, అటవీ శాఖ మంత్రి గారు, ఇద్దరి కార్యదర్శులు ఒక ఆదివారం ఆ బస్సెక్కండి. కాన్వాయ్ వద్దు. కొండ దాటి అవతలి వైపు దిగి, స్టాపులో నిలబడి బస్సు కోసం చూడండి. అయిదు లోపే చేరుకోండి సుమా. పలక మీద ఇప్పటికీ 5.30 అనే ఉంది.

ఇట్లు,
సెలవు రోజున కొండకు వెళ్లే ఒక బస్సు ప్రయాణికురాలు