సోనామసూరి ధర ఇంకా ఎందుకు దిగలేదంటే

2024 దీపావళి సరుకులకి సింగపూర్‌లోని మా కొట్టుకు వచ్చినవాళ్లలో చాలామంది ఒకటే అడిగారు: "ఇండియాలో బియ్యం ఎగుమతి నిషేధం తీసేశారు కదా, మీ దగ్గర ధర దిగలేదేం?" ఆ రద్దీలో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

సెప్టెంబర్ 28న నిషేధం ఎత్తేసినా, టన్నుకు 490 అమెరికా డాలర్లకు తక్కువ కాకుండా అమ్మాలనే షరతు అక్టోబర్ 23 దాకా ఉంది. ఇప్పుడు మా కొట్లో ఉన్న బస్తాలు అంతకుముందు ఎక్కువ ధరకు కొన్నవి. తర్వాత బుక్ చేసిన సరుకు ఇంకా దారిలో ఉంది.

సింగపూర్ తినే తిండిలో 90 శాతానికి పైగా బయటి నుంచి వచ్చేదే. మద్యం, పొగాకు, పెట్రోలు, వాహనాలు తప్ప ఇక్కడ దేనికీ దిగుమతి సుంకం లేదు. అందుకే మన ఇండియా కొట్లుండే సెరంగూన్ రోడ్డులో గోంగూర దగ్గర్నుంచి గుంటూరు మిర్చి దాకా దొరుకుతాయి. కానీ పంపే దేశం వద్దంటే మనం చేయగలిగింది ఏమీ లేదు. 2023 జూలై 20న అదే జరిగింది. ఆగస్టు చివర్లో ఇండియా సింగపూర్‌కి ప్రత్యేకంగా 50,000 టన్నులు అనుమతించేదాకా నాకు ఒకటే టెన్షన్. జాస్మిన్ బియ్యంతో పులిహోర కలిపితే ముద్దయిపోతోందని అమ్మమ్మలు వచ్చి బాధపడేవారు.

2024లో ఇంకో చిక్కు. చెన్నై నుంచి వచ్చే మన బియ్యానికి ఎర్రసముద్రంతో పనే లేదు. అయినా అక్కడ ఓడల మీద జరిగిన దాడుల వల్ల పెద్ద ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి, వేళ తప్పి, గుంపుగా సింగపూర్ రేవుకి చేరాయి. ఈ రేవులో దిగే కంటైనర్లలో ఎక్కువ భాగం ఓడ మారి వేరే దేశాలకు పోయేవే. మే నెలలో బెర్త్ కోసం, అంటే రేవులో ఆగే చోటు కోసం, ఓడలు రెండు మూడు రోజులు ఆగాయి, కొన్ని వారం దాకా. ఆ వరుసలో నా కంటైనర్ కూడా ఉంది.

ఇక నా తప్పు. నిషేధం వార్త వచ్చిన ఆ వారం, పాత ధరకు కొన్న స్టాకు మీదే 10 కిలోల బస్తాకు 2 సింగపూర్ డాలర్లు పెంచాను. మళ్లీ సరుకు దొరకదేమోనని భయపడ్డాను. కానీ మీరూ అదే భయంతో వచ్చారు, దాన్ని నేను వాడుకున్నట్టయింది. అది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఇకపై ఏ సరుకు ధరైనా నేను కొన్న రేటును బట్టే ఉంటుంది.

కొత్త సరుకు రాగానే ధర తగ్గిస్తాను. నిల్వ చేసి మాగబెట్టిన పాత బియ్యం మాత్రం ఇంకొన్నాళ్లు ఆలస్యం. 2023లో ఆ వారం కొన్నవాళ్లు కౌంటర్ దగ్గర ఒక్క మాట చెప్పండి, బిల్లు అక్కర్లేదు, 2 డాలర్లు తగ్గించి ఇస్తాను.