పందిట్లో అందరికీ కోలలివ్వండి

సంపాదకులకు నమస్కారం.

శ్రీరామనవమి పందిళ్లు వేసే రోజులు దగ్గరపడుతున్నాయి. ఆ వెనకే పెళ్లి ముహూర్తాలు. రెండు చోట్లా ఈమధ్య కోలాటం మళ్లీ కనబడుతోంది, సంతోషం. అయితే చాలాచోట్ల ఒకే రంగు చీరలు కట్టుకున్న బృందం వేదికెక్కి ఆడుతుంటే, మిగతా ఊరంతా కుర్చీల్లో కూర్చుని ఫోన్లు ఎత్తి పట్టుకుంటోంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు మాడ వీధుల్లో ఆడేవాళ్లకు ఎంతో సాధన కావాలి, కాదనం. పెళ్లింట్లో, పందిట్లో ఆడుకోవడానికి అంత అక్కర్లేదు. నేర్పేవాళ్లు ఒక్కరుంటే ఒక సాయంత్రం గంటన్నరలో మూడు కోపులు, అంటే కోలాటం ఆడే మూడు తీరులు, పట్టుబడతాయి. ఆమాత్రం వస్తే తాతలూ మనవలూ కలిసి ఆడొచ్చు. అదెలాగో తెలిస్తే ఈసారి కొన్ని పందిళ్లలోనైనా కుర్చీలు పక్కకు జరుగుతాయన్న ఆశతో ఇది రాస్తున్నాం.

ముందు కర్రల సంగతి. పెద్దవాళ్లకు 15, 16 అంగుళాలు, పిల్లలకు 12 అంగుళాల పొడవు చాలు. బొటనవేలి లావు ఉండాలి. బాగా ఆరిన గట్టి కర్రయితేనే ఖంగుమంటుంది. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి లాంటి తేలిక కర్ర బొమ్మకు బాగుంటుంది కానీ కోలకు పనికిరాదు, మోగదు. పచ్చి వెదురు నాలుగు రోజులకే పగిలి, పేళ్లు లేచి అరచేతుల్లో గుచ్చుకుంటుంది. పట్టుకోవడం కూడా చూసుకోవాలి. చివర మూడొంతుల్లో ఒక వంతు వదిలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వదులుగా పట్టాలి. పిడికిలి బిగిస్తే ప్రతి దెబ్బా మణికట్టుకు తగిలి పావుగంటకే చెయ్యి లాగుతుంది. కర్రకు కర్ర పై భాగంలో, ఛాతీ ఎత్తున తగలాలి. కింద తగిలితే వేళ్లు నలుగుతాయి, పైకి లేస్తే మొహానికి ప్రమాదం. పిల్లలు ఎదురుగా ఉన్నప్పుడు పెద్దవాళ్లే చెయ్యి దించాలి.

స్థలం మట్టి నేలయితే మంచిది. దుమ్ము లేవకుండా కాసిని నీళ్లు చల్లి ఆరనివ్వండి. ఎనిమిది జంటలు రెండు వలయాల్లో నిలబడాలంటే అడ్డంగా 20 నుంచి 22 అడుగులు కావాలి. వేదిక సాధారణంగా అంత లోతు ఉండదు కాబట్టి అక్కడ వలయం నలిగి వరసలైపోతుంది. కిందే ఆడండి. గ్రానైట్ పలకల మీద గంట ఎగిరితే మడమలు నొప్పి పెడతాయి, పెద్దవయసు వాళ్లను అక్కడ ఆడించొద్దు.

మొదటి పావుగంట కర్రలివ్వకండి, చప్పట్లతోనే నేర్పండి. కొత్తవాళ్ల చూపు కర్ర మీదే ఉంటుంది, అందుకని ముందు అడుగు తప్పుతుంది, ఆ వెనకే దెబ్బ తప్పుతుంది. లోపలి వలయం బయటికి, బయటి వలయం లోపలికి చూస్తూ నిలబడాలి. ఎదురుగా ఉన్న జోడీని కొన్ని ఊళ్లలో ఉద్ది అంటారు. లెక్క ఎనిమిది. ఒకటికి మన రెండు కర్రలూ కలిపి కొట్టుకోవాలి. రెండుకు మన కుడి కర్ర జోడీ కుడి కర్రకు. మూడుకు మళ్లీ మనవే. నాలుగుకు ఎడమకు ఎడమ. అయిదుకు మనవి, ఆరుకు కుడికి కుడి. ఏడుకూ ఎనిమిదికీ దెబ్బ లేదు, అడుగులే. ఆ రెండు లెక్కల్లో ఎవరి కర్ర మోగితే వాళ్లు లెక్క తప్పారని తెలిసిపోతుంది, నేర్పేవాళ్లు వేరే వెతకనక్కర్లేదు.

ఇది నిలబడి ఆడితే మొదటి కోపు. ఏడు, ఎనిమిది లెక్కల్లో బయటివాళ్లు కుడివైపుకు ఒక్క స్థానం జరిగితే రెండో కోపు. లోపలివాళ్లు ఉన్నచోటే అడుగులు వేస్తారు. ఎనిమిది జంటలైతే ఎనిమిది విడతలకు మొదటి జోడీ మళ్లీ ఎదురవుతుంది. ఇక్కడ చాలామంది తొందరపడి రెండు వలయాలనూ ఒకేసారి జరుపుతారు. ఎవరి కుడికి వాళ్లు ఒక స్థానం జరిగితే మధ్యలో ఒక మనిషి దాటిపోతారు. జంటలు సరిసంఖ్యలో ఉంటే సగం మందినే మళ్లీ మళ్లీ కలుస్తారు, మిగతా సగం మంది ఎప్పటికీ ఎదురుపడరు. రెండు వలయాలూ కదలాలనుకుంటే జంటలు ఏడో తొమ్మిదో పెట్టుకోండి, అప్పుడు అందరూ అందరికీ తగులుతారు. పెళ్లింట్లో లోపల ఆడపెళ్లివారు, బయట మగపెళ్లివారు నిలబడితే ఈ కోపు అందం తెలుస్తుంది. వియ్యపురాళ్లూ, కొత్త బావామరుదులూ, ఇంకా పేర్లైనా తెలియని మేనత్తలూ ఒక్కొక్కరూ ఎదురై కర్ర తాకించి, నవ్వి, ముందుకెళ్తారు. మాట కలపడానికి మొహమాటపడే కుటుంబాలకు ఇంతకంటే మంచి పరిచయం మాకు తెలియదు.

మూడో కోపులో లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి మారతారు. నియమం ఒక్కటే. కుడి భుజం పక్కనుంచి కుడి భుజం దాటాలి. ఒక్కరు ఎడమ నుంచి దూరినా అక్కడ గుమిగూడిపోతారు.

ఇక పాట. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. స్పీకర్‌లో పెట్టిన పాట ఎవరికోసమూ ఆగదు. దాని వేగం అందుకోలేక ముందు అమ్మమ్మలు తప్పుకుంటారు, తర్వాత పిల్లలు, చివరికి సాధన చేసిన బృందమే మిగులుతుంది. అంటే ఊరిని కుర్చీల్లో కూర్చోబెడుతున్నది చాలావరకు ఆ స్పీకరే. తాళాలు పట్టుకుని ఒకరు పాడితే, అందరూ అందుకుంటే, వలయం తడబడ్డప్పుడు పాటే నిదానిస్తుంది. నిమిషానికి 60 లెక్కల దగ్గర మొదలుపెట్టండి. అప్పుడు ఎనిమిది జంటల ఒక చుట్టు నిమిషం పైన పడుతుంది. అందరి దెబ్బా ఒక్కటిగా వినిపించాకే వేగం పెంచాలి, 100 దాటనివ్వక్కర్లేదు. పల్లవి చిన్నదిగా, నాలుగు లెక్కల నడకలో ఉన్న పాట ఎంచుకోండి. కోపు మార్చేది పల్లవి దగ్గరే, ఈల వేసి. చరణం మధ్యలో మారిస్తే సగం మంది పాత కోపులోనే ఉండిపోతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు తాళాలూ పాటా అప్పగించండి. వాళ్లకు వచ్చిన పాటలు మనకు రావు కూడా.

ధైర్యముంటే జడ కోపు కూడా పెట్టుకోవచ్చు. పైనుంచి వేలాడే గుడ్డ పట్టీలను తలా ఒకటి పట్టుకుని తిరుగుతూ జడలా అల్లడమే ఇది. 12 అడుగుల ఎత్తున వేప కొమ్మకో స్తంభానికో కొక్కెం కట్టి పన్నెండు జడలు వేలాడదీయాలి. నైలాన్ తాడు జారుతుంది. రెండు రంగుల పాత నేత చీరలు నిలువునా చింపితే ఒక్కో దానిలో ఆరేసి జడలు సులువుగా వస్తాయి, 18 అడుగుల పొడవు సరిపోతుంది. ఆరుగురు ఒకవైపు, ఆరుగురు ఎదురువైపు తిరుగుతూ, ఒకవైపు వాళ్లు ఎదురైన మొదటివాళ్లను లోపలి నుంచి, తర్వాతి వాళ్లను బయటి నుంచి దాటాలి. ఎదురువైపు వాళ్లు ముందు బయటి నుంచి, తర్వాత లోపలి నుంచి. వరసగా రెండుసార్లు లోపలి నుంచే దాటితే అల్లిక తప్పుతుంది, రంగులు చెదిరినట్టు పైన కనిపిస్తుంది. అప్పుడు ఎవరూ జడ లాగొద్దు, వదలొద్దు. ఈల వేసి అందర్నీ ఆపి, తప్పు జరిగిన చోటిదాకా ఒక్కొక్క మనిషినే వెనక్కి దాటిస్తూ రావాలి. అల్లిక నాలుగడుగులు దిగగానే ఆపేయాలి, ఇంకా అల్లితే వలయం బిగిసి భుజాలు తగులుకుంటాయి. విప్పేటప్పుడు చివరిసారి లోపలి నుంచి వచ్చినవాళ్లు వెనక్కి తిరిగి మళ్లీ లోపలి నుంచే వెళ్లాలి. అలవాటున్న వాళ్లు కూడా తడబడేది ఇక్కడే.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. కోలాటం వార్త వేసినప్పుడు ముఖ్య అతిథుల పేర్లతో పాటు ఏ కోపులు ఆడారో, పాట ఎవరు పాడారో, ఊళ్లోవాళ్లు ఎంతమంది కలిసి ఆడారో కూడా రెండు వాక్యాలు రాయించండి. పక్క ఊరివాళ్లు చదివి, మనమూ ఆడదామని కర్రలు చేయించుకుంటారు.

ఇట్లు,
కోలాటం నేర్పేవాళ్లం కొందరం