స్క్రూలు వేసే ముందే ఎముక చూడండి

సంపాదకులకు,

మా అమ్మకు నడుము వెన్నుపూసల్లో స్క్రూలు వేశారు. కొన్ని నెలలకే నొప్పి తిరగబెట్టింది. ఎక్స్‌రేలో ఒక స్క్రూ చుట్టూ సన్నటి నల్లటి అంచు కనిపించింది. స్క్రూ వదులైందనడానికి అది గుర్తట. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ అప్పుడు తీయించారు! ఆరోగ్యవంతులైన యువతుల ఎముకతో పోల్చి చెప్పే టి-స్కోరు మైనస్ 3.1. మైనస్ 2.5కు గానీ అంతకంటే కిందికి గానీ చేరితే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, కింద లెక్క. గుల్లబారిన ఎముకలో స్క్రూకు పట్టు ఎక్కడిది? అలాంటివారికి స్క్రూ చుట్టూ ఎముక సిమెంటు నింపే పద్ధతి ఉంది. ఆ సిమెంటు రక్తనాళాల్లోకి జారే ప్రమాదమూ లేకపోలేదు. ఆపరేషన్ ఆగగలిగితే, టెరిపారటైడ్ ఇంజెక్షన్లతో ముందుగా ఎముకను బలపరచవచ్చు. ఇవన్నీ మాకు ముందే చెప్పాల్సింది. వెన్ను ఆపరేషన్‌కు వచ్చే పెద్దవయసు వారందరికీ, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలకు, ఈ స్కాన్ తప్పనిసరి చేయాలని డాక్టర్లను వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు