కూరకి పనికిరాని చేప

టాంపా, ఫ్లోరిడా

బాబాయ్‌కి,

నమస్కారం. పిన్ని, మామ్మ, పిల్లలు కులాసా అని తలుస్తాను. ఇక్కడ మేమంతా బాగున్నాం.

మొన్న ఫోన్లో "కూరకి పనికిరాని చేపకి అంత ఖర్చెందుకురా" అన్నావు. అప్పుడు తీరిగ్గా చెప్పడానికి కుదరలేదు. ఇన్నేళ్లుగా రొయ్యల చెరువులు చేస్తున్నవాడివి, నీకు తెలియాలనే రాస్తున్నాను.

మా ఇంట్లో ఉప్పునీళ్ల అద్దాల తొట్టిలో పెంచుతున్న ఆ చేపని ఫైల్ ఫిష్ అంటారు. బాగా ఎదిగితే పది పన్నెండు సెంటీమీటర్లు, మాది ఇంకా చిటికెన వేలంతే. పల్చటి ఒళ్లు, గరుకు చర్మం, ముందుకు పొడుచుకొచ్చిన చిన్న మూతి. నెత్తిన ఒక ముల్లు మడిచి ఉంచుతుంది, బెదిరితే నిటారుగా లేపుతుంది. నాచు దగ్గర పచ్చగా, రాయి దగ్గర గోధుమరంగులో ఉండి కంటికి ఓ పట్టాన దొరకదు. రాత్రిళ్లు నీటి వాలుకి కొట్టుకుపోకుండా నాచు రెమ్మని నోటితో కరుచుకుని నిద్రపోతుంది. అలా ఉన్నప్పుడు నీ కోడలు నన్ను తొట్టి దగ్గర మాట్లాడనివ్వదు.

దీన్ని తెచ్చింది అందానికొక్కదానికే కాదు. సముద్రపు రాళ్లతోపాటు ఐప్టేసియా అనే పీడ తొట్టిలోకి వస్తుంది. పువ్వులా కనిపిస్తుంది గానీ అది ప్రాణి, పక్కనున్న పగడాలను కుట్టి పాడుచేస్తుంది. పీకితే రాయికి మిగిలిన చిన్న ముక్క నుంచే మళ్లీ లేస్తుంది. గట్టు మీద తుంగతో పడే బాధ నీకు తెలిసిందే కదా! ఫైల్ ఫిష్‌లలో ఈ రకం దాన్ని కొరుక్కు తింటుంది. అన్నీ తింటాయని కాదు, కొన్ని దాని జోలికే పోవు, కొన్ని మంచి పగడాలనూ కొరుకుతాయి. మాది మాత్రం వెనక రాయంతా శుభ్రం చేసేసింది. మందు చుక్క వేయకుండా పని జరిగిందని నాకెంత సంతోషమో!

మేత దగ్గరే ఓపిక కావాలి. ఒకేసారి వేస్తే చాలదు, రోజుకి రెండు మూడుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. ఫ్రీజర్లో పెట్టిన మైసిస్ అనే బుల్లి రొయ్యలు, ఆర్టీమియా అనే సన్నటి ఉప్పునీటి పురుగులు వేస్తున్నాను. మీ హేచరీల్లో సీడుకి, అదే రొయ్య పిల్లలకి, పెట్టే ఆర్టీమియానే. నిదానంగా తినే చేప కాబట్టి దూకుడు చేపలతో కలిపి ఉంచకూడదు. మా క్లౌన్ ఫిష్ జంటకి ఒక మూల వేసి, అవి అటు తిరిగాక దీనికి ఇంకో మూల వేస్తాను. మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుట్టి నీళ్లు విషమవుతాయి. నువ్వు చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూసి తగ్గించేవాడివి కదా, నా లెక్కా అదే.

మీ వెనామీ రొయ్య తక్కువ ఉప్పుకీ సర్దుకుంటుంది, దీనికి మాత్రం సముద్రంలో ఉన్నంత ఉప్పూ ఉండాలి. 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు, 25-26 డిగ్రీల వేడి, రోజూ ఒకేలా. నీళ్లు ఆవిరైనా ఉప్పు పోదు కాబట్టి తగ్గిన మేరకు ఆర్వో మంచినీళ్లే పోస్తాను. ఇక్కడ జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల కాలం. ఏరియేటర్లకి నీకు జనరేటర్ ఉన్నట్టే, కరెంటు పోతే పనికొస్తుందని బ్యాటరీతో నడిచే గాలి పంపు పెట్టుకున్నాను.

ఇంకో సంగతి. ఇది సముద్రంలో పట్టింది కాదు, పెంపకంలో పుట్టిన పిల్ల. ఈ రాష్ట్రంలోనే ఫోర్ట్ పియర్స్ ఊళ్లో ఇలాంటి చేపలను పుట్టించే కేంద్రం ఉంది. దీని చుట్టం ఒకటుంది, నారింజ చుక్కలది, చాలా అందగత్తె. అక్రోపోరా అనే పగడాన్ని తిని బతుకుతుంది. తినే పగడం వాసనే దాని ఒంటికీ పడుతుందని 2014లో ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్తలు తేల్చారు. సముద్రం నుంచి పట్టి తెస్తే, వేరే మేత ముట్టక తొట్టెల్లో ఆకలితో చిక్కిపోయి చచ్చేవే ఎక్కువ. ఎంత అందంగా ఉన్నా దాన్ని నేను కొనను. కడుపు నింపగలనన్న నమ్మకం లేకుండా ప్రాణిని ఇంటికి తేవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

తమ్ముడితో వీడియో పంపిస్తాను, మామ్మకి కూడా చూపించు. నీళ్లలో నైట్రైట్ విషం పెరిగినప్పుడు నువ్వు చెరువులో ఏం చేస్తావో వివరంగా రాయి. ఈసారి పట్టుబడి ఎప్పుడు, ఏ కౌంటుకి, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు? రేటు ఎలా ఉంది?

ఇట్లు,
నీ అబ్బాయి