ఎల్సా కథ చూసిన తరువాత

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటిల్లిపాదీ కలిసి 1966 నాటి ‘బార్న్ ఫ్రీ’ చిత్రం చూశాము. చూసినప్పటి నుంచి మనసు దాని చుట్టూనే తిరుగుతోంది కనుక మీ అందరికీ రాస్తున్నాను.

ఇది కెన్యాలో నిజంగా జరిగిన కథ. వన్యప్రాణి సంరక్షణాధికారి జార్జ్ ఆడమ్సన్ 1956లో తన మీదికి దూకిన ఆడసింహాన్ని కాల్చవలసి వచ్చింది. దాని మూడు పిల్లలలో రెండింటిని రోటర్‌డ్యామ్ జూకు పంపి, అన్నిటికన్నా చిన్నదైన ఎల్సాను ఆయనా, భార్య జాయ్ పెంచుకున్నారు. జూకు పంపడానికి వీలున్నా, వేట నేర్పి అడవికి అప్పగించాలని జాయ్ పట్టుబట్టడం, మొదటి ప్రయత్నంలో ఎల్సా ఆకలితో నీరసించి కనిపించినా ఆ పట్టు విడవకపోవడం నన్ను కదిలించాయి. స్వేచ్ఛగా బతుకుతున్న ఎల్సా తన మూడు కూనలను వెంటబెట్టుకుని వారి దగ్గరకు వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరికీ మాట రాలేదు.

ఆ దంపతులుగా నటించిన వర్జీనియా మెకెన్నా, బిల్ ట్రావర్స్ నిజజీవితంలోనూ భార్యాభర్తలే. తమతో మరో చిత్రంలో నటించిన పోలే పోలే అనే ఏనుగు 1983లో లండన్ జూలో మరణించాక, బంధించిన జంతువుల కోసం వారు 1984లో ‘జూ చెక్’ అనే సంస్థను ప్రారంభించారు. ఒక పాత్ర నటుల జీవితాన్నే ఇంతగా మలచడం అరుదని నా అభిప్రాయం.

ఆరంభంలో సింహం మనిషిని చంపే ఘట్టం, తుపాకీ కాల్పులు ఉన్నాయి. మరీ చిన్నపిల్లలుంటే దయచేసి పక్కనే కూర్చుని చూపించండి.