కడిగితే పరిహారం పోయె, ఆగితే మోటార్ పోయె: విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెవెన్యూ, విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

2025 అక్టోబర్ 29న మొంథా తుపాను వానకు వరంగల్, హనుమకొండ కాలనీలు ఎట్లా మునిగాయో మీకు తెలుసు. ఇంటికి ఎంత, ఎకరానికి ఎంత, పశువుకు ఎంత అన్న లెక్కలూ మీకు తెలుసు. పిండి గిర్నికి ఎంత అన్నది మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మూడు సోమవారాలు వరుసగా అర్జీలు ఇచ్చాం. రసీదులు ఉన్నాయి, జవాబు లేదు. అందుకే నలుగురూ చదివేటట్టు రాస్తున్నాం.

రాస్తున్నది గిర్ని యజమానులం కాదు. ఆ గిర్నిల్లో పిండి, కారం, పసుపు పట్టించుకునే గిరాకీలం, ఆ మోటార్లు విప్పి బిగించే మెకానిక్కులం.

అయ్యా, మా మొర ఒక్కటే. పంచనామాకు మనిషి వచ్చేదాకా ఆగితే యంత్రం పోతుంది. ఆగకుండా కడిగి బాగుచేసుకుంటే పరిహారం పోతుంది. ఈ రెండింటి మధ్య గిర్నివాళ్లు నలిగిపోతున్నారు.

మోటార్ సంగతే చూడండి. గిర్నికి సాధారణంగా పది హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటార్ ఉంటుంది. మునిగిన మోటార్‌కు కరెంటు ఇస్తే తీగ మీది పూత తడిసి ఉంటుంది కాబట్టి చుట్టుకూ చుట్టుకూ మధ్య షార్ట్ అయి క్షణాల్లో కాలిపోతుంది. ముందు మెయిన్ తీసేయాలి, మూతలు విప్పి లోపల తిరిగే రోటార్‌ను బయటికి లాగాలి, తీగ చుట్లను (వైండింగ్‌ను) మంచినీళ్లతో ఒండ్రు పోయేదాకా కడగాలి. తడిసినదాన్ని మళ్లీ తడపడం ఏమిటని చాలామంది అడుగుతారు. ఒండ్రు చెమ్మను వదలదు. పైకి ఆరినట్టు కనిపిస్తుంది, సందుల్లో తడి అట్లాగే ఉంటుంది. కడిగాక రెండు మూడు రోజులు ఎండలో పెట్టాలి. మబ్బు పట్టి ఉంటే పైన రేకు కప్పి లోపల వంద వాట్ల బల్బులు వెలిగించాలి. మంట చూపకూడదు, పూత పెళుసై రాలిపోతుంది. తర్వాత తీగ పూత కరెంటును ఎంత ఆపుతుందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూస్తే కనీసం ఒక మెగాఓమ్ రావాలి. రాకపోతే మళ్లీ ఆరబెట్టాలి. వచ్చాక వార్నిష్ పట్టించి, అది ఆరాక కొత్త బేరింగులు వేసి బిగించాలి. పాత బేరింగులు చేత్తో తిప్పితే బాగానే తిరుగుతాయి, అక్కడే మోసపోతారు. గ్రీసులో కలిసిన సన్న ఇసుక వాటి గోళీలను అరగదీస్తుంది, బేరింగు బిగుసుకుంటే మోటార్ మళ్లీ కాలుతుంది.

ఇదంతా నీళ్లు తీసిన ఒకటి రెండు రోజుల్లో మొదలుపెడితే మోటార్ దక్కుతుంది. బురదతోనే వారం పది రోజులు వదిలేస్తే రోటార్ తుప్పుపట్టి లోపలే పట్టేస్తుంది. అప్పుడిక తీగంతా కొత్తగా చుట్టే రీవైండింగే, ఒక్కోసారి అదీ పనికిరాదు. స్టార్టర్ కూడా అంతే. నోవోల్ట్ కాయిల్, రిలే, కాంటాక్టులు కడిగి ఆరబెట్టినా నమ్మకం లేదు, మార్చుకోవడమే మేలు.

రాయి ఇంకా సున్నితం. మిషన్ గిర్ని రాయి కొండ నుంచి కొట్టి తెచ్చిన బండ కాదు. ఎమెరీ గింజలను మాగ్నసైట్, మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన సిమెంటుతో పోసి చేస్తారు. ఆ సిమెంటుకు నీళ్లు పడవు, నానినకొద్దీ పట్టు సడలుతుంది. అట్లాంటి రాయిని ఆరకముందే తిప్పితే పెచ్చులు ఊడి పిండిలో పడతాయి. తిరిగే వేగానికి రాయి పగిలితే ఎదురుగా నిలబడ్డ మనిషి ప్రాణానికే ముప్పు. రెండు రాళ్లనూ దించి, విడివిడిగా, గాలి తగిలే నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. ఎండకు పెడితే పైపొర ముందే ఆరి నెర్రెలు వస్తాయి. చిన్న సుత్తితో తడితే ఖంగుమనాలి. మొద్దు శబ్దం వస్తే ఆ రాయి పక్కన పెట్టాల్సిందే. మంచిగా ఉన్నదానికి పిండి నలిగేటట్టు మళ్లీ గంట్లు కొట్టుకోవాలి. పొరపాటున తడి రాయి తిప్పి చూద్దామని ఎవరూ అనొద్దు.

ఈ పని ఒక్కడితో అయ్యేది కాదు. గిరాకీలే చేశారు. మీ శాఖ తెలుసుకోవాల్సింది ఇదే.

బోరు మోటార్ ఉన్న ఇంటివాళ్లు పైపు వేసి మంచినీళ్లు ఇచ్చారు. రాయి దించడానికి నలుగురు మనుషులు కావాలి, వచ్చారు. కరెంటు పని తెలిసినవాళ్లు మెగ్గర్ తెచ్చి చూశారు. మా కాలనీల పక్కన పారే బొందివాగులోంచి వచ్చింది వాన నీళ్లొక్కటే కాదు, డ్రైనేజీ కూడా. అందుకని తొట్టి, గొట్టం, పిండి డబ్బా బ్లీచింగ్ నీళ్లతో ఆడవాళ్లే తోమి ఎండబెట్టారు. పిండి పడే గుడ్డ సంచి, చెక్క తొట్టి ఉంటే అవి పారేయాల్సిందే, చెక్క లోపలికి పీల్చిన మురుగు కడిగితే పోదు. తిప్పడం మొదలుపెట్టాక ఐదు కిలోల నూకలు పట్టి పారేయాలి, మళ్లీ ఇంకో ఐదు. అందులో ఇసుక, మురుగు ఉంటాయి కాబట్టి పశువులకు కూడా పెట్టకూడదు. ఆ నూకలు కూడా గిరాకీలు తెచ్చినవే.

డబ్బు సంగతి. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే ఇళ్లు ఆ కూలి ఇప్పుడే ముందుగా కట్టాయి. ఉద్దెర పుస్తకం నీళ్లలో నాని అక్షరాలు కరిగిపోయినా ఎవరి బాకీ ఎంతో వాళ్లే చెప్పి కట్టారు. రాసిన కాగితం లేదు, అడిగినవాడు లేడు, అయినా కట్టారు. బేరింగులు, స్టార్టర్ వచ్చింది ఆ డబ్బుతోనే.

ఇదంతా అయ్యాక, నీళ్లు పోయిన పన్నెండో రోజున, పంచనామాకు మనుషులు వచ్చారు. గిర్ని శుభ్రంగా ఉంది, నష్టం ఎక్కడుంది అన్నారు. బురద ఫోటోలు ఫోన్లో చూపిస్తే ఫారంలో ఫోటోలకు చోటు లేదన్నారు. మోటార్ కొన్న బిల్లు తెమ్మన్నారు. పదిహేనేళ్ల కింద కొన్న మోటార్ బిల్లు గోడకున్న బీరువాలో ఉండేది, ఆ బీరువా నీళ్లలో ఉండేది. మేం సాక్షి సంతకాలు పెడతామంటే గిరాకీల సంతకం చెల్లదన్నారు. బాగుచేసినవాళ్లం మేమే, మా మాట ఎందుకు చెల్లదు సార్?

బిల్లు లేకున్నా సాక్ష్యం ప్రభుత్వం దగ్గరే ఉంది. ప్రతి కరెంటు బిల్లు మీద ఎన్ని హార్స్‌పవర్ లోడో అచ్చై ఉంటుంది. ఆ నెల రీడింగు, ముందు నెలల రీడింగు పక్కపక్కన పెట్టి చూస్తే గిర్ని ఎన్ని రోజులు ఆగిందో చిన్నపిల్లలకూ అర్థమవుతుంది. 2020 జూలై నుంచి చిన్న సంస్థలకు కేంద్రం చేసే ఉద్యమ్ నమోదు ఉంది, అందులో యంత్రాల విలువ రాసే ఉంటుంది. గిర్ని తిరగని నెలకు కూడా ఫిక్స్‌డ్ చార్జీ బిల్లు మాత్రం తప్పకుండా వచ్చింది. వసూలుకు పనికొచ్చిన లోడు పరిహారానికి ఎందుకు పనికిరాదు?

2022–26 విపత్తు సహాయ నిబంధనల్లో చేనేత, హస్తకళల పనివాళ్ల పనిముట్లకు 5,000, సరుకుకు 5,000 రూపాయలని ఉంది. కొత్తవాడలో దరీలు నేసే గుంత మగ్గంలో నీళ్లు నిండితే ఆ డబ్బు ఏ మూలకూ రాదు. అయినా వాళ్లకు ఒక వరుసైనా ఉంది. గిర్నికి, కుట్టుమిషన్ షాపుకు, వెల్డింగ్ షాపుకు ఆ వరుస కూడా లేదు. బీమా ఉంది కదా అంటారు. చిన్న సంస్థలకు వరద నష్టం కూడా ఇచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ 2021 ఏప్రిల్ నుంచి ఉన్న మాట నిజమే. దాని పేరైనా గిర్ని గడప దాకా తెచ్చి చెప్పినవాళ్లు ఎవరు?

ఇది మొదటిసారి కూడా కాదు. 2020 ఆగస్టులో మునిగాం. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా కురిసినప్పుడు వరంగల్ మునిగింది, భద్రకాళి చెరువు కట్ట తెగింది. నాలాల వెడల్పు గురించి వేరే అర్జీలు ఉన్నాయి, ఇక్కడ రాయం. మళ్లీ వాన రావడం ఖాయం. అప్పుడూ గిరాకీలే చందాలేసుకోవాలా? కాలనీలో గిర్ని మునిగినప్పుడు గిరాకీల ఇళ్లు కూడా మునిగే ఉంటాయి కదా.

దయచేసి పంచనామా ఫారంలో షాపు, యంత్రం అన్న వరుస పెట్టించండి. నీళ్లు తీసిన 48 గంటల్లో మనిషిని పంపండి. పంపలేకపోతే తేదీ, చోటు కనిపించే ఫోన్ ఫోటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం, ఇద్దరు గిరాకీల సంతకాలు, కరెంటు బిల్లు చాలని ఉత్తర్వు ఇవ్వండి. కడుక్కోమని, కడిగినందుకు పరిహారం పోదని మొదటి రోజే మైకులో చెప్పించండి. తిరగని నెలల ఫిక్స్‌డ్ చార్జీ తీసేయించండి. గిర్నివాళ్ల అప్పుల కిస్తీలు వాయిదా వేయమని బ్యాంకర్లకు చెప్పండి. అన్నిటికన్నా ముందు ఆ వరుస పెట్టించండి.

సంక్రాంతి వస్తోంది. సకినాలకు బియ్యం నానబెట్టి, నీళ్లు వడకట్టి, తడిగానే పట్టించాలి. అంగట్లో దొరికే పొడిపిండితో సకినం చుట్టడం రాదు. ఈ కాలనీల్లో ఇంకా తిరగని గిర్నిలు ఉన్నాయి. వాటి రాళ్లు నీడలో ఆరుతున్నాయి, మోటార్లు రీవైండింగ్ షాపులో డబ్బుల కోసం ఆగి ఉన్నాయి. పన్నెండో రోజున వచ్చి వెళ్లినవాళ్లను మరొక్కసారి పంపించండి. ఫోటోలు, మార్చిన పాత బేరింగులు, కాలిన కాయిళ్లు పారేయకుండా దాచి ఉంచాం. చూపిస్తాం.

ఇట్లు,
బొందివాగు పక్క కాలనీల గిర్ని గిరాకీలు, మోటార్ మెకానిక్కులు
వరంగల్