దిండు గలేబు సంగతి

ఒరేయ్ శీనా,

ఫోన్లో చెప్దామంటే రూమ్మేట్ పక్కనే ఉంటాడు, అందుకే రాస్తున్నా, నవ్వితే మాత్రం తంతా. పోయిన వారం ఆఫీస్ క్యాబ్‌లో మారతహళ్లి దాటాక నిద్రపోయా, సిల్క్ బోర్డ్ దగ్గర మెలకువొచ్చి చూస్తే పక్కనోడి లేత నీలం చొక్కా భుజం మీద అరచేయంత తడి, నా చొంగే! వాడు తిట్టినా బాగుండేది, కర్చీఫ్ తీసి నా చేతికిచ్చాడు.

హాస్టల్లో నా దిండు గలేబు మీద పసుపు మరకలు చూసి ఇది సీమ, ఇది కోస్తా అని మ్యాప్ చెప్పేవాడివి కదా, అదే జబ్బు. మా అమ్మేమో నులిపురుగులే అంటుంది. సిగ్గు చంపుకుని ఈఎన్‌టీ దగ్గరికెళ్తే ఆయన నోరు చూడనేలేదు, ఒక్కో ముక్కు రంధ్రం బొటనవేలితో మూసి గాలి పీల్చమన్నాడు, ఎడమది ఈల వేసింది. డస్ట్ అలర్జీ, ముక్కులో వాపు, ఈ బెంగళూర్లో మామూలేనంట. ముక్కు మూసుకుంటే నోరు తెరుచుకుంటుంది, తెరుచుకుంటే కారుద్ది, అంతే.

రోజుకి అర లీటర్ నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుద్దంట రా, పగలు తెలీకుండానే మింగేస్తుంటాం, నిద్రలో ఊరడం తగ్గుద్ది గానీ మింగడం కూడా బాగా తగ్గిపోద్ది, మూతి కండరాలు వదులైపోతాయి, ఇంక పక్కకో బోర్లానో పడుకున్నోడికి జారక ఏం చేస్తుంది. అర్ధరాత్రి బిర్యానీ తిని పడుకుంటే యాసిడ్ పైకి తన్ని ఇంకా ఎక్కువ ఊరొచ్చంట, అది విననట్టు నటించా. ముక్కులోకి స్ప్రే ఇచ్చాడు. గురక ఉందా అనడిగితే రూమ్మేట్‌కే ఫోన్ చేయాల్సొచ్చింది, "గురకా? మిక్సీ సార్ అది" అన్నాడు వెధవ. గురకా, పగటి నిద్రా రెండూ ఉన్నాయి కాబట్టి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఏమో చూడాలని నిద్ర టెస్ట్ రాశాడు.

సరే, అసలు విషయం. మీ నాయనకి ఈ మధ్యే కొత్తగా కారుతోందన్నావు, కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోందనీ అన్నావు. నాది వేరు, ఆయనది వేరు రా. పార్కిన్సన్స్ అని వణుకుడు జబ్బొకటుంది, అందులో లాలాజలం ఎక్కువై కాదు, మింగడం నెమ్మదించి కారుద్దంట. అదేనని నేననట్లేదు, వయసని వదిలేయకుండా న్యూరో డాక్టర్‌కి ఒకసారి చూపించు. ఉన్నట్టుండి మూతి ఒకవైపు జారినా, మాట ముద్దగా వచ్చినా అపాయింట్‌మెంట్ గిపాయింట్‌మెంట్ అని కూర్చోకుండా 108కి ఫోన్ కొట్టు, అది పక్షవాతం కావచ్చు. కొన్ని మాత్రల వల్ల కూడా చొంగ ఎక్కువవుద్దంట, అందుకని ఆయన వాడే షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లు, పేర్లు నోటికి చెప్పబోకు, పోయినసారి బీపీది షుగర్ది కలిపేశావు.

నీ
చొంగగాడు